గఫార్ మియా నేర్పిన పని

సికింద్రాబాదు,
11 జులై 1948, ఆదివారం

మార్తక్కకు తమ్ముడు సహాయం వందనాలు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. పశువైద్య కాలేజీలో పాఠాలు అరకొరగా నడుస్తున్నాయి. చివరి ఏడాది వాళ్ళను చేతిపని నేర్చుకోమని ఒక్కొక్కరిని ఒక్కో చోటికి పంపారు. మిగతావాళ్ళకు ఎడ్లు, గుర్రాలు పడ్డాయి. నాకు మాత్రం ఇక్కడ జీవరాజు గారి కుక్కల ఆసుపత్రి పడింది. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో.

జీవరాజు గారు మన చర్చివాళ్ళే. యుద్ధంలో బర్మా వెళ్ళి పటాలం కుక్కలకు వైద్యం చేసి వచ్చారు. ఆయన మాటతో నేర్పుతారు. చేతితో నేర్పేది మాత్రం కాంపౌండరు గఫార్ మియా. అరవై దాటాయి. ఇరవై ఏళ్ళు పటాలం గుర్రాల ఆసుపత్రిలో కట్లు కట్టాడు. మొదటి వారం నన్ను సూది ముట్టనివ్వలేదు. కుక్కను పట్టుకోవడం ఒక్కటే పని. గుడ్డపీలికతో మూతి కట్టడం, మోచేయి మెడ కిందికి పోనివ్వడం, తొడ లోపలి వైపు వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టడం. "నీకు భయమైతే కుక్క నీకన్న ముందు తెలుసుకుంటది బేటా. జెర నిమ్మళంగ," అంటాడు.

ఇక్కడ కుక్కలకు కొదవ లేదు. దొరలు వెళ్తూ కొన్నిటిని వదిలేశారు, తర్వాత యూనియన్ పటాలం వెళ్తూ మిగతావి వదిలేసింది. వీధుల్లో మందలుగా తిరుగుతున్నాయి. మొన్న సోమవారం రజాకార్లు కత్తులు పట్టుకుని కవాతు చేస్తుంటే ఒక కుక్క అడ్డంగా పరిగెత్తింది. ఒకడు వరసలోంచి బయటికొచ్చి కత్తితో దాని వీపు మీద వేశాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. చిలకలగూడ చాకలామె ఒకావిడ దాన్ని కొంగులో చుట్టుకుని తెచ్చింది. వెన్నెముక తెల్లగా కనపడుతోంది. కుట్టమని మియా సూది నా చేతికిచ్చాడు. పద్నాలుగు కుట్లు వేశాను. ముడులు పక్కకు కాకుండా గాయం మీదే పడ్డాయని అన్నీ విప్పించి మళ్ళీ వేయించాడు. కుక్క బతికింది.

సరిహద్దు దాటి మందులు రావడం లేదు. అయోడిన్, కుట్ల దారం, క్లోరోఫాం అడుగంటాయి. ఎవరైనా ఇటు వస్తే పంపగలవా?

నీ తమ్ముడు,
దేవసహాయం

*

బెజవాడ మిషను ఆసుపత్రి,
20 జులై 1948

ఒరేయ్ సహాయం,

నీ ఉత్తరం ఎవరో విప్పి మళ్ళీ అతికించారు. ఇకమీదట ఏం రాసినా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి. కత్తుల సంగతి, కవాతుల సంగతి వద్దు.

నవ్వలేదురా. నవ్వే తీరిక లేదు. మీ వైపు నుంచి జనం రైళ్ళలో, బళ్ళలో, నడిచి వస్తున్నారు. వార్డులో మంచాలు చాలక వరండాలో చాపలేసి పడుకోబెట్టాం. నిన్న ఒకామె వచ్చింది. చెవుల కమ్మలు లాగేస్తే రెండు తమ్మెలూ చీలిపోయాయి. పసిబిడ్డ దారిలోనే పోయాడు. ఆమె కమ్మల గురించే మాట్లాడుతోంది, బిడ్డ ఊసెత్తడం లేదు.

ఇవన్నీ చూస్తూ నిన్ను అక్కడ ఎలా ఉండనివ్వను? ఆ పారిపోయి వచ్చినవాళ్ళలోనే ఒకాయన చెప్పాడు, మీ జీవరాజు గారు రజాకార్ల నాయకుడి కుక్కకు వైద్యం చేస్తాడట. అమ్మ ఆ మాట విన్నప్పటినుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. అట్లాంటి వాడి దగ్గర నువ్వు నేర్చుకునే విద్య ఏమిటి? కుక్కలేనా, బెజవాడలో లేవా?

అయోడిన్ రెండు సీసాలు, దారం పంపుతున్నాను. క్లోరోఫాం మాకే లేదు. మురికి గాయాన్ని మొదటి రోజే కుట్టి మూయకు. తెరిచి ఉంచి, కడిగి, చచ్చిన కండ తీసేసి అప్పుడు కుట్టు. మీ మియా చెప్పకపోతే నేను చెబుతున్నాను.

వెంటనే బయల్దేరు.
అక్క మార్త

*

సికింద్రాబాదు,
15 ఆగస్టు 1948

అక్కకు,

రాను. కోపంతో రాయడం లేదు. ఆ నాయకుడి కుక్కకు వైద్యం చేసిన మాట నిజమే. కడుపులో పురుగులు, మందిచ్చాం. అది ఎవరి ఇంటి కుక్కో దానికి తెలుసా? నీ వార్డులోకి వచ్చినవాణ్ణి నువ్వు కులం అడిగి కట్టు కడుతున్నావా?

డాక్టరు గారు ప్రస్తుతం ఊళ్ళో లేరు. ఎప్పుడొస్తారో తెలియదు. నేనూ, మియా ఇద్దరమే చూసుకుంటున్నాం.

ఒక సలహా కావాలి. కాప్రా నుంచి ఒక పెద్ద కుక్కను తెచ్చారు. చాలా పెద్దది, మనిషంత బరువు. శుక్రవారం వేటగాళ్ళ గుండు తగిలింది. వెనక కాలికి, మోకాలి కింద ఎముక నుగ్గయింది. నువ్వు చెప్పినట్టు తెరిచి ఉంచాం, కడుగుతున్నాం. గుండు తీశాను. అయినా ఈ ఉదయం నుంచి వేళ్ళు చల్లగా ఉన్నాయి, రంగు మారుతోంది. జ్వరం. వేరే ఆసుపత్రికి తీసుకుపోయే వీలు లేదు. దాన్ని పెంచుకునేవాళ్ళు పేదవాళ్ళు, దాని మీదే ఆధారపడి ఉన్నారు. ఇది నీ దగ్గరికి వచ్చి ఉంటే నువ్వేం చేస్తావు? బాగా ఆలోచించి, వెంటనే రాయి.

సహాయం

*

బెజవాడ,
20 ఆగస్టు 1948

సహాయానికి,

రానన్నావు. అమ్మకు చెప్పలేదు, సెలవు దొరకలేదని చెప్పాను. నా చేత అబద్ధాలు ఆడిస్తున్నావు.

వార్డులో అరవై మంది ఉండగా నువ్వు కుక్క గురించి రెండు పేజీలు రాస్తే ఏమనాలి? అడిగావు కాబట్టి చెబుతున్నాను. వేళ్ళు చల్లబడి నల్లబడితే ఆ కాలికి నెత్తురు అందడం లేదు. అది ఇక బతకదు. పైకి పాకుతుంది, వాసన వస్తుంది, ఒళ్ళంతా విషమవుతుంది. పెద్ద డాక్టరు లేకుండా చదువుకునే కుర్రాడివి నువ్వు కాలు కోస్తానని కూర్చోకు. ఆ మూగప్రాణిని హింసించకు. క్లోరోఫాం కొంచెం మిగిలి ఉంటే ఎక్కువ మోతాదు పట్టించి నిద్రపుచ్చు. దయ అంటే అదే. పెంచుకునేవాళ్ళకు నచ్చజెప్పు, ఇంకో కుక్కను తెచ్చుకుంటారు.

మందుల్ని మనుషులకు దాచు.

అక్క

*

సికింద్రాబాదు,
1 సెప్టెంబరు 1948

అక్కా,

ఈ ఉత్తరం టపాలో రాదు. ఊరూరా వాక్యం చెప్పే బైబిలు స్త్రీ రోసమ్మ గారు బెజవాడ వస్తూ రవికెలో దాచుకుని తెస్తానన్నారు. చదివి పొయ్యిలో వెయ్యి.

అది కుక్క కాదు. పర్వతాలు అనే మనిషి. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. కాప్రా నుంచి మాకు పాలు పోస్తాడు. స్టేట్ కాంగ్రెసు వాళ్ళు దాక్కున్నారని రజాకార్లు వాళ్ళ వాడ మీద పడ్డారు. ఇళ్ళు తగలబెట్టారు. అతని అన్నను వాకిట్లోనే నరికారు. పరిగెత్తుతుంటే ఇతని కాలి మీద కాల్చారు. గడ్డి బండిలో వేసి మా దగ్గరికి తెచ్చారు. తూటా గాయంతో సర్కారు ఆసుపత్రికి పోతే పోలీసులకు కబురు పోతుంది. డాక్టరు గారు ఊళ్ళో లేరన్నాను కదా, జైల్లో ఉన్నారు. పాత పటాలం స్నేహితుల ఉత్తరాలు దొరికాయని ఆయన్ని యూనియన్ ఏజెంటు అన్నారు. కుక్కల కొట్టం వెనక గదిలో పర్వతాలును దాచాం. ఉత్తరాలు విప్పుతారని నువ్వే చెప్పావు కాబట్టి అలా రాశాను. మనిషంత బరువు అంటే నీకు తెలిసిపోతుందనుకున్నాను.

నీ జవాబు ఇరవై ఆరున వచ్చింది. అప్పటికి మడమ దాకా నల్లబడింది. ఆ గదిలోకి అడుగుపెడితే వాసన. నీ ఉత్తరం చేతిలో చూసి పర్వతాలు లేచి కూర్చోబోయాడు. నీ గురించి రోజూ అతనికి చెప్పేవాణ్ణి, మా అక్క పెద్ద నర్సు, రాస్తుంది, ఆగు అని.

"అక్క ఏం రాసింది బాబూ?" అని అడిగాడు.

నేను నువ్వు రాసింది చదువుకున్నాను. మళ్ళీ చదివాను. తెలిసే రాశావేమో, మనిషికే చెబుతున్నావేమో అని ఒక్క నిమిషం నీ మీద అసహ్యం వేసింది.

"కాలు తీసేయమంది. తీస్తే బతుకుతావంది," అన్నాను.

"నర్సమ్మ గట్ల అన్నదా?"

"అన్నది."

"అయితే తియ్యి. నాకు ఇద్దరు పోరగాండ్లున్నరు."

మర్నాడు శుక్రవారం. నమాజు వేళకు వీధిలో కాపలా తిరిగేవాళ్ళు మసీదుకు పోతారని మియా ఆ వేళే పెట్టాడు. తను నమాజుకు పోలేదు. మా రంపం చిన్నది, పనికిరాదు. బ్రహ్మచారి అనే వడ్రంగి దగ్గర్నుంచి రంపం తెచ్చి గంటసేపు మరగబెట్టాం. క్లోరోఫాం మియా చుక్కలుగా వేశాడు. నేను మోకాలి కింద నాలుగు వేళ్ళు వదిలి మొదలుపెట్టాను. రక్తనాళాలు కుక్కకున్న చోటే ఉన్నాయి, కాకపోతే లావు. రెండు ఎముకల్లో చిన్నది తెగింది. పెద్దది సగంలో ఉండగా క్లోరోఫాం అయిపోయింది. పర్వతాలుకు మెలకువ వచ్చింది.

ఆ అరుపు నేను రాయలేను. మియా లేచి కొట్టం తలుపులన్నీ తీసి, ఇనుప చట్రాల మీద కర్రతో బాదాడు. ముప్ఫై కుక్కలు ఒక్కసారి మొరిగాయి. వీధికి ఆ మొరుగుడే వినపడింది. తిరిగొచ్చి తన బరువంతా పర్వతాలు ఛాతీ మీద వేసి, "ఆగకు బేటా. ఆగితే చంపినవు," అన్నాడు. నేను ఆగలేదు.

ఈవేళకు అయిదు రోజులు. జ్వరం తగ్గింది. నిన్న గంజి తాగాడు. మొండి కాలి గురించి ఏం జాగ్రత్తలు తీసుకోవాలో అంతా రాయి, ఈసారి మనిషికి రాయి.

నీ సహాయం

*

బెజవాడ,
10 సెప్టెంబరు 1948

సహాయం,

రోసమ్మ గారు ఎదుట కూర్చుని ఉండగానే చదివాను. ఆవిడ మంచినీళ్ళు అడిగితే తెచ్చి ఇవ్వడం మరిచిపోయాను.

ఇద్దరు పిల్లల తండ్రిని చంపెయ్యమని రాశాను. ఇంకొకణ్ణి తెచ్చుకోమని కూడా రాశాను. నాకు తెలియదు కదా అని నువ్వంటావు. తెలియకపోవడం ఒక సంగతి. "వార్డులో అరవై మంది ఉండగా" అన్న మాట చూడు, ఆ విసుగే నా చేత రాయించింది. నువ్వు నా మాట వినకపోవడం దేవుడు చేసిన మేలు. నా పేరు పెట్టి నువ్వు ఆడిన అబద్ధాన్ని నేను నిజమనే చెబుతాను, ఎవరడిగినా.

మొండిని ఎత్తు మీద ఉంచు. రోజు విడిచి రోజు కట్టు మార్చు. మోకాలు ముడుచుకుని పడుకోనివ్వకు, అలాగే బిగిసిపోతుంది, తర్వాత కర్రకాలు పెట్టడానికి లేకుండా పోతుంది. చీము వాసన మారితే ఒక కుట్టు విప్పి కారనివ్వు. గాయంలో చల్లే సల్ఫా పొడి కొంచెం రోసమ్మ గారికి ఇస్తున్నాను. ఎక్కడ తెచ్చానో అడగకు.

మీ మియాకు నా సలాములు చెప్పు. మీ డాక్టరు గారి గురించి నేను ఇదివరకు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. యుద్ధం వస్తుందని ఇక్కడ అందరూ అంటున్నారు. వస్తే బయటికి రాకు.

మార్త

*

సికింద్రాబాదు,
6 అక్టోబరు 1948

మార్త గారికి,

దేవసహాయం చెబుతుండగా నేను, జీవరాజు, రాస్తున్నాను. దస్తూరీ చూసి భయపడకండి. యూనియన్ సైన్యం వచ్చిన నాలుగో రోజు నన్ను జైలు నుంచి వదిలారు. ఇక అతని మాటలు.

అక్కా, నేను బతికే ఉన్నాను. కుడి మణికట్టు విరిగింది, అందుకని రాయలేను. నీ సల్ఫా అందింది. పర్వతాలు చంకకర్రలతో తిరుగుతున్నాడు. గఫార్ మియా పోయాడు. ఆయన కూతురు జైనబును జహీరాబాదు అవతల ఒక ఊళ్ళో ఇచ్చారు. పోలీసు చర్య తర్వాత ఆ వైపు ఊళ్ళలో తురకల ఇళ్ళ మీద పడుతున్నారని కబురు రాగానే ఆయన బయల్దేరాడు. నేను తోడు వెళ్ళాను. దారిలో కొందరు ఆయన్ని గొడ్డళ్ళతో నరికారు. నేను పక్కనే ఉన్నాను. జైనబును తీసుకొచ్చాను. మిగతాది తర్వాత.

*

బెజవాడ,
14 అక్టోబరు 1948

నా తమ్ముడికి,

నీ దస్తూరీ కాని కవరు చూసి అమ్మ గుమ్మంలోనే కూర్చుని చదవమంది. చదివి వినిపించాక లేచింది. ఆ పెద్దాయన కోసం ఇద్దరం ఏడ్చాం.

గొడ్డళ్ళ మధ్య చెయ్యి అడ్డం పెట్టావా నువ్వు? చిన్నప్పుడు కోడి కోస్తుంటే మంచం కింద దూరేవాడివి. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నీ ఉత్తరం సంగతి చెప్పి, స్నేహితుని కోసం ప్రాణం పెట్టినవాడి కన్నా గొప్ప ప్రేమ లేదన్న వాక్యం తీసి ప్రసంగం చేశారు. అందరూ అమ్మ చేతులు పట్టుకున్నారు. అమ్మ మోకాలి నొప్పి మరిచిపోయి ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. నాకూ గర్వంగానే ఉంది, దాచను.

ఆ జైనబును కనిపెట్టుకుని ఉండు. చేతికి కట్టు ఎవరు కడుతున్నారు?

మార్త

*

సికింద్రాబాదు,
3 నవంబరు 1948

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. రోజుకు పది పంక్తుల చొప్పున వారం పట్టింది. ఇది డాక్టరు గారి చేత రాయించే ఉత్తరం కాదు.

సదాశివపేట దాకా లారీలో పోయాం. అక్కడ ఎడ్లబండి మాట్లాడుకున్నాం. మియా గడ్డం తీయించుకున్నాడు. నా ప్యాంటు, చొక్కా వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే గాబ్రియేలు అని చెప్పాలని నేనే నేర్పాను. దారి పొడుగునా ఆ పేరు నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఒక తూము దగ్గర పదిమంది అడ్డం వచ్చారు. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, ఏ పార్టీవాళ్ళో నాకు తెలియదు. గొడ్డళ్ళు, బరిసెలు ఉన్నాయి. నా మెడలో సిలువ చూసి వదిలేశారు. మియాను ప్యాంటు విప్పమన్నారు.

వాళ్ళందరూ ఆయన వైపు తిరిగి ఉండగా నేను బండి దూకి జొన్నచేల్లోకి పరిగెత్తాను. నన్నెవరూ తరమలేదు. అసలు నన్నెవరూ చూడనే లేదు. రాళ్ళ గుంటలో పడ్డాను. మణికట్టు అక్కడ విరిగింది. నేను దేనికీ అడ్డం పెట్టలేదక్కా. గుంటలోనే పడుకుని విన్నాను. గొడ్డలి దెబ్బలు, వాళ్ళ తిట్లు విన్నాను. మియా ఒక్కసారి "బేటా" అని అరిచాడు. రమ్మన్నాడో, పొమ్మన్నాడో. ఆ ఒక్క మాటే. ఎన్నిసార్లు తలుచుకున్నా తేలడం లేదు.

వాళ్ళు పోయాక చాలాసేపటికి వెళ్ళాను. బండివాడు ఎడ్లను విప్పుకుని పోయాడు. మియా దారి మీద ఉన్నాడు, ప్రాణం ఉంది. తల మీద ఒక దెబ్బ, కడుపులో ఒకటి, గజ్జల దగ్గర ఒకటి. ఆ గజ్జల దగ్గర నెత్తురు ఎగిసి కొడుతోంది. ఎడమ చేతి వేళ్ళతో నొక్కాను. ఆగలేదు. ఆయన కళ్ళు తెరిచి నా చెయ్యి చూశాడు.

"వేళ్ళు కాదు బేటా," అన్నాడు. "పిడికిలి. బరువంత వెయ్."

పిడికిలి పెట్టి, మీదికి వంగి బరువంతా వేశాను. నెత్తురు ఆగింది. "హా, గట్ల," అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ ఎలా అంటాడో అలా అన్నాడు. ఎక్కడికి పోయావని అడగలేదు. నేను చెబుదామనుకున్నాను. ఆ లోపల కళ్ళు నిలిచిపోయాయి. అయినా నేను పిడికిలి తియ్యలేదు. ఎంతసేపో తెలియదు. నా వీపు మీది ఎండ పక్కకు తిరిగింది.

జైనబు ఉన్న ఊరు అక్కడికి మైలు దూరమే. ఆమె మొగుణ్ణి ముందు రోజే చంపారు. కుమ్మరి దేవమ్మ అనే ముసలామె జైనబును తన ఇంట్లో కుండల వెనక దాచింది. "మా ఊరోళ్ళు గిట్ల చేస్తరనుకోలే," అని ఆమె పదే పదే అంది. ఆమె కొడుకులే వచ్చి మియాను పూడ్చారు.

జైనబు ఇక్కడే ఆసుపత్రిలో ఉండేది. తండ్రి కోసం నా చెయ్యి విరిగిందనుకుని రోజూ కట్టు కట్టేది. అన్నం కలిపి పెట్టేది. నేను నోరు విప్పలేదు. నీ ఉత్తరం వచ్చింది, పాస్టరు గారి వాక్యంతో. ఆ సాయంత్రం ఆమెకు అంతా చెప్పాను. నిలబడే విన్నది.

"అబ్బా పిలిచింది నీకు వినపడ్డదా?" అని అడిగింది.

"వినపడింది," అన్నాను.

చేతిలో ఉన్న కట్టుగుడ్డ బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. తెల్లారి చిలకలగూడలో మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత డాక్టరు గారిని కూడా ముట్టనివ్వకుండా కట్టు నేనే ఎడమ చేత్తో కట్టుకున్నాను. కుదరలేదు. ఎముక వంకరగా అతుక్కుంది. సూది పట్టుకుంటే జారుతోంది. ఎడమ చెయ్యి అలవాటు చేసుకోమని డాక్టరు గారు రోజూ పాత తోలు ముక్కల మీద కుట్టిస్తున్నారు. పర్వతాలుకూ చెప్పాను. అతను చంకకర్రలు సర్దుకున్నాడు. తర్వాత, పాలు రేపటినుంచి మళ్ళీ పోస్తానని చెప్పి పోయాడు.

ఈ ఉత్తరం అమ్మకు మొత్తం చదివి వినిపించు. పాస్టరు గారు ఎక్కడ నిలబడి నా పేరు చెప్పారో అక్కడే ఇది కూడా చెప్పాలి.

దేవసహాయం

*

బెజవాడ,
12 నవంబరు 1948

సహాయం,

చదివాను. ముందు అమ్మకు, తర్వాత ఆదివారం చర్చిలో. పాస్టరు గారు వద్దన్నారు, ఇంటి సంగతి ఇంట్లో ఉంచుకోమన్నారు. నేను లేచి నిలబడి చదివేశాను. ఇద్దరు ముగ్గురు మధ్యలోనే వెళ్ళిపోయారు. అయ్యాక అమ్మ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

ఇంటికొచ్చాక అమ్మ, "తిరిగి వెళ్ళాడు కదే," అంది. రెండుసార్లు అంది. తిరిగి వెళ్ళావు, ఆలస్యంగా వెళ్ళావు. ఆ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి నేను దాచను. ఆ గుంటలో నేను ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. కుక్క అనుకుని ఒక మనిషిని చంపమని రాసినదాన్ని, నిన్ను తీర్పు తీర్చే అర్హత నాకెక్కడిది.

రైళ్ళు తిరుగుతున్నాయి. గురువారం బయల్దేరుతున్నాను. ముందు చిలకలగూడ వెళ్ళి జైనబును చూస్తాను. నీ తరఫున కాదు, క్షమించమని అడగడానికీ కాదు. మొగుడూ తండ్రీ పోయిన ఆడపిల్ల ఒంటరిగా ఉంది, అందుకని. తలుపు తియ్యకపోతే గడపలో కూర్చుంటాను. తర్వాత నీ దగ్గరికి వస్తాను.

వంకరగా అతికిన ఎముక అలాగే వదిలేస్తే జీవితాంతం ఆ చెయ్యి పనికిరాదు. మళ్ళీ విరిచి, సరిగ్గా కూర్చోబెట్టి కట్టాలి. జీవరాజు గారిని అడుగు, క్లోరోఫాం ఇప్పుడైనా దొరుకుతుందేమో. దొరక్కపోయినా విరుస్తాం. నేను పట్టుకుంటాను.

అక్క